భుజంగరావు చేసిన మనిషి

ఇంటిపనికి మరమనుషులను ఎవరికి వారే తయారు చేసుకుంటున్న రోజులవి. కాకినాడలో ఒక అపార్ట్‌మెంటు మూడో అంతస్తులో ఒంటరిగా ఉండే భుజంగరావు కూడా నెలల తరబడి కష్టపడి ఒకణ్ణి చేశాడు. తీరా లేచి నిలబడ్డాక చూస్తే వాడి మొహం వంకరగా వచ్చింది. వాడు నవ్వబోయేసరికి భుజంగరావు హడలిపోయి, వాణ్ణి బయటికి నెట్టి తలుపేసుకున్నాడు.

మరమనిషి మెట్ల మీద కూర్చున్నాడు. వాణ్ణి చూసి పిల్లలు దయ్యమంటూ పరుగెత్తారు. రెండో అంతస్తు అనసూయమ్మ కూరగాయల సంచితో ఆయాసపడుతూ వస్తుంటే, వాడే దిగివెళ్లి సంచి అందుకుని, ఆమె ఇంట్లోకి మోసుకెళ్లాడు.

సాయంత్రం భుజంగరావు పాత ఇనుము కొనేవాణ్ణి పిలిపించి, అనసూయమ్మ గుమ్మం ముందుకు వచ్చాడు.

"పిన్నిగారూ, వాడు రాక్షసుడండీ. తుక్కు కింద ఇచ్చేస్తున్నాను."

"ఏం చేశాడేంటి వీడు?"

"ఆ మొహం చూశారా?"

"చూశాను. ఆ మొహం పెట్టిందెవరు బాబూ? చేసిందీ నువ్వే, గెంటిందీ నువ్వే. వీడు నాకు వంట చేసిపెట్టాడు. మీ ఇద్దరిలో రాక్షసుడెవరో నువ్వే చెప్పు."

ఇనుము కొనేవాడు నవ్వాపుకుంటూ వెళ్లిపోయాడు.

"సార్, మీరు అన్నం తిన్నారా?" అని అడిగాడు మరమనిషి.

తినలేదు. భయంతో పొయ్యి కూడా వెలిగించలేదు. అనసూయమ్మ అన్నం, బెండకాయ పులుసు వడ్డించి ఇచ్చింది. భుజంగరావు తల వంచుకుని తిన్నాడు. చివరికి వాడి మొహంలోకి చూశాడు.

"పులుసులో ఉప్పు తక్కువైందిరా."

"రేపు సరిగ్గా వేస్తానండి."

"వేద్దువుగానిలే, మనింట్లో," అన్నాడు భుజంగరావు.