నురగ గూడు కింద గుంట

కానుగ చెట్టు పక్కన మడుగులో ఒక బోదురుకప్ప ఉండేది. దాని దూరపు చుట్టం చెట్టుకప్ప పైన కొమ్మల్లో ఉండేది. సన్నటి ఒళ్లు, వేళ్ల చివర గుండ్రటి బిళ్లలు, ఎక్కడైనా ఇట్టే అంటుకుపోయేది.

తొలకరి పడగానే చెట్టుకప్ప నీళ్లపైకి వంగిన కొమ్మకు కరుచుకుని, వెనక కాళ్లతో చిలికి చిలికి తెల్లటి నురగ గూడు కట్టి, అందులో గుడ్లు పెట్టింది.

"ఇదేం చోద్యమే! కప్ప పుట్టుక పుట్టి గుడ్లు గాలిలో పెడతావా?" అంది బోదురుకప్ప.

"నీళ్లలో చేపలున్నాయి పెద్దమ్మా. పిల్లలు కాస్త ఎదిగాక వాళ్లే నీళ్లలోకి జారతారు."

"నీ ఇష్టం. తర్వాత నువ్వు ఏడిస్తే మాత్రం నేను వినను," అని బోదురుకప్ప నీళ్లలో మునిగింది.

ఆ తర్వాత వాన మొహం చాటేసింది. మడుగు రోజురోజుకీ వెనక్కి పోయి, గూడు కింద బురదే మిగిలింది. లోపల పిల్లలు అప్పుడే కదులుతున్నారు. చెట్టుకప్ప కిందికి చూసి ఏడ్చింది. ఆ వేళ్లు పట్టుకోవడానికే గానీ తవ్వడానికి పనికిరావు.

బోదురుకప్ప బయటికొచ్చింది. సరిగ్గా గూడు కింద బురదని బలమైన కాళ్లతో తవ్వి, పొట్టతో నెట్టి గుంట చేసింది. అడుగున నీరు ఊరింది.

నురగ కరిగి మొదటి తోకపిల్ల జారింది. గుంట గట్టున కూర్చున్న బోదురుకప్ప వీపు మీద పడి, అక్కణ్ణించి నీళ్లలోకి జారిపోయింది.

"అయ్యో పెద్దమ్మా, నీ మీద పడుతున్నారు, పక్కకు జరుగు!"

"జరగను," అంది బోదురుకప్ప, తల పైకెత్తి. "జరిగితే బురదలో పడరూ?"