సగానికి దించని జెండా

“జెండా దించొద్దనడానికి మీరెవరు కెప్టెన్?” రేవు సంఘం పెద్ద పెండిల్ బల్ల గుద్దాడు. “ఓడలో మనిషి పోతే జెండా సగానికి దించుకుని రేవులోకి రావాలి. మా తాతల కాలం నుంచీ అదే మర్యాద.”

“మీ తాతలు ఓడలు కొన్నారు, ఎక్కలేదు,” అన్నాడు రేవు అధికారి జాబెజ్ కోల్కార్డ్.

సగం జీవితం ఓడ కెప్టెన్‌గా సముద్రం మీద గడిపి, మోకాళ్ళు మొరాయించాక ఈ కుర్చీలో కూర్చున్నాడాయన. కుర్చీ వచ్చిందని గొంతు తగ్గించుకునే రకం కాదు.

“కిందటేడు ఏమైందో మర్చిపోయారా? సగానికి దిగిన జెండా చూసి మార్తా ముసలమ్మ గట్టు మీదే గుండె ఆగి పోయింది. కాసేపటికి ఆవిడ కొడుకు నవ్వుతూ ఓడ దిగాడు. పోయింది ఇంకెవరో. ఈ ఊళ్ళో సముద్రం మీదికి మనిషిని పంపని ఇల్లు లేదు, మా ఇంటితో సహా. ఒక్క చావుకి ఊరంతా గుండెలు బాదుకోవాలా?”

“అందుకని?”

“ఓడలన్నిటికీ ముందే చెప్పేశా, జెండా పైనే ఉంటుంది. ముందు నేను ఓడెక్కుతా. ఎవరైనా పోయుంటే వాళ్ళ ఇంటికి నేనే వెళ్ళి, తలుపు తట్టి, వాళ్ళకే చెబుతా.”

“ఇవాళ ‘నార్తర్న్ లైట్’ ఓడ వస్తోంది. పాత పద్ధతికి ఒప్పుకుంటారా, రాజీనామా రాసిస్తారా?”

“రెండూ చెయ్యను.” కెప్టెన్ టోపీ పెట్టుకుని బయటికి నడిచాడు.

పొగమంచు విడిపోతోంది. ఓడ కనిపించింది. జెండా పైనే ఎగురుతోంది. గట్టు మీద శాలువాలు కప్పుకున్న ఆడవాళ్ళు ఊపిరి బిగబట్టి చూస్తున్నారు.

“నీ పుణ్యమా అని ఆ జెండా చూసి సంతోషపడాలో ఏడవాలో తెలీడం లేదయ్యా,” అంది ప్రూడెన్స్. ఆమె మొగుడు ఆ ఓడలోనే ఉన్నాడు.

“నేను తిరిగొచ్చేదాకా రెండూ వద్దమ్మా.”

పడవలో ఓడ దగ్గరికి వెళ్ళాడు. తిరిగి రావడం చాలా ఆలస్యమైంది. గట్టెక్కి, చుట్టూ మూగిన వాళ్ళని ఒక్కొక్కరినే చూశాడు.

“ఇక్కడ నిలబడ్డ వాళ్ళెవరికీ ఏడ్చే పని లేదు. మీవాళ్ళంతా దిగుతున్నారు. వెళ్ళి పొయ్యిలు వెలిగించుకోండి.”

ఒక్కసారిగా నవ్వులు, కేకలు. ప్రూడెన్స్ ఆయన చెయ్యి పట్టుకుని ఊపేసింది.

పెండిల్ వెటకారంగా దగ్గరికొచ్చాడు. “అంతా క్షేమమేగా? మరి ఈ హంగామా అంతా ఎవర్ని ఉద్ధరించడానికండీ?”

“అదిగో, వాళ్ళని.” నవ్వుకుంటూ వెళ్తున్న ఆడవాళ్ళ వైపు చూపించాడు కెప్టెన్. “ఈ పద్ధతి మారదు పెండిల్. నన్ను ఉద్యోగంలోంచి పీకెయ్యండి. పీకేసినా వచ్చే ఓడకి నేనే ఎదురెళ్తా. ఆపే దమ్ముంటే అప్పుడు ఆపండి.”



కెప్టెన్ కర్ర పట్టుకుని కొండవీధి ఎక్కసాగాడు. కిటికీల్లోంచి ఎవరో చెయ్యి ఊపితే తనూ ఊపాడు. ప్రూడెన్స్ ఇల్లు దాటాడు. రొట్టెల కొట్టు దాటాడు. వీధి చివర ఆగాడు.

తన ఇంటి తలుపే తట్టాడు.