నాలుగో కాలు

మూడు కాళ్ళకు లాడాలు పడ్డాయి. నాలుగో కాలు పట్టుకోగానే గుర్రం మళ్ళీ తన్నింది.

లాడాలు కొట్టే నాగూర్ వలి చేతిలోంచి సుత్తి ఎగిరి మురిక్కాలవలో పడింది. అతను తలగుడ్డ విప్పి మొహం తుడుచుకుని, దూరంగా పోయి కూర్చున్నాడు.

"ఇంక నువ్వే కొట్టుకో దానం. నాకు ఇద్దరు పిల్లలున్నారు."

జట్కా తోలే కృపాదానం కాలవలో దిగి సుత్తి వెతికి తెచ్చాడు. వలిని బతిమాలాడు. తర్వాత గుర్రాన్ని, దాన్ని తనకు అంటగట్టిన మాచర్ల వాళ్ళను, ఆ రోజు తెలివి లేకుండా తలూపిన తనను, వరసగా తిట్టాడు.

కొన్నప్పటి నుంచీ ఇదే గొడవ. నుదుట తెల్ల మచ్చ ఉందని దానికి చుక్క అని పేరు పెట్టుకున్నాడు. బండి లాగటంలో దానికి వంక లేదు. వెనక ఎడమ కాలు పట్టుకుంటే మాత్రం దయ్యం పట్టినట్టు చేస్తుంది.

శివరాత్రి ఎల్లుండి. కోటప్పకొండ తిరునాళ్ళ జనం నరసరావుపేట స్టేషన్లో దిగుతూనే ఉన్నారు. మిగతా జట్కాలు నిండుగా పోతున్నాయి. నాగార్జున సాగర్ ఆనకట్ట పనికి లారీలు తిరిగి తిరిగి రోడ్డంతా కంకర లేచింది. లాడం లేని గిట్టతో ఆ రోడ్డెక్కితే గుర్రం పడిపోతుంది. తిరునాళ్ళు తప్పితే ఇంట్లో ఏడాదంతా కరువే.

పొద్దుగూకే లోపల నాలుగో లాడం పడకపోతే చుక్కను సున్నపు బట్టీ వాళ్ళకు తోలేస్తానని పొద్దునే తెగేసి చెప్పాడు కృపాదానం. బట్టీకి పోయిన గుర్రం ఏదీ మళ్ళీ శివరాత్రి చూడలేదు. ఆ సంగతి గుర్రానికి తెలియకపోవటమే అతని బాధ.

"దానిది పొగరు కాదబ్బాయ్. నొప్పి."

ఇద్దరూ తల తిప్పారు. చేతికర్ర పట్టుకుని ఒక పెద్దాయన రోడ్డు పక్కన నిలబడి ఉన్నాడు. ఎప్పటినుంచి ఉన్నాడో ఏమో. చుక్క చెవులు అతని వైపే నిక్కి ఉన్నాయి.

"ఎక్కడంట నొప్పి?" అన్నాడు కృపాదానం.

"తొడ కీల్లో. కాలు పక్కకి లాగి పైకెత్తితే ఓర్చుకోలేదు."

కృపాదానానికి సంగతి అర్థమైంది. కనీసం అర్థమైందనుకున్నాడు. సంతలో దళారులు చేసేది అదే. గొడ్డు మీద కన్ను పడితే ముందు దానికో జబ్బు అంటగడతారు, పది మంది వినేట్టు. ఆ తర్వాత తువ్వాలు కింద వేళ్ళు కలిపి సగానికి బేరం చేస్తారు.

బట్టీ వాళ్ళు పంపారా అని అడిగాడు. తనెవరి తరఫునా రాలేదని, తనకు గుర్రం అక్కర్లేదని అన్నాడు పెద్దాయన. కొనేవాళ్ళంతా ముందు ఆ మాటే అంటారని వలి నవ్వాడు.

పెద్దాయన రెండడుగులు ముందుకేశాడు. కుడి మోకాలు మడత పడదు. కాలు కొయ్యలా ఈడుస్తున్నాడు.

"గుర్రం కాలు తర్వాత. నీ కాలు సంగతి చూసుకోవయ్యా ముందు," అన్నాడు కృపాదానం.

"అది చూసుకునే వచ్చాను," అన్నాడు పెద్దాయన, చుక్క మెడ మీద చెయ్యి వెయ్యబోతూ.

అక్కడికి కృపాదానం ఓపిక అయిపోయింది. గుండెల మీద చెయ్యి పెట్టి ఒక్క తోపు తోశాడు.

పడ్డవాడు లేవటానికి చాలా సేపు పట్టింది. ఎవరూ చెయ్యి అందించలేదు. లేచి, కర్ర వెతుక్కుని, ఏమీ జరగనట్టే చెప్పాడు.

"జానెడు కంటే పైకెత్తొద్దు. పక్కకి కాదు, వెనక్కి తియ్యండి. రెండు మేకులు కొట్టి దింపండి. ఊపిరి బిగబట్టిందంటే వదిలెయ్యండి, తన్నేది ఆ తర్వాతే."

కాలీడ్చుకుంటూ స్టేషన్ వైపు పోయాడు.

కదలకుండా నిలబడుతుందని వాళ్ళు చుక్క పై పెదవికి తాడేసి మెలిపెట్టారు. అది వణికింది, చెమటతో తడిసిపోయింది. కాలు ఎత్తగానే తాడు తెంపుకుని, ఈసారి జట్కా పలక విరగ్గొట్టింది.



"దళారీగాడి మాటే కానీయ్. ఒకసారి చూస్తే పోయేదేముంది," అన్నాడు వలి విసుగ్గా, మోకాళ్ళ మీద మట్టిలో కూలబడి.

కాలు నేలకు జానెడు ఎత్తులోనే పట్టి వెనక్కి తీశాడు. చుక్క ఊపిరి బిగబట్టింది. వదిలేశాడు. మళ్ళీ తీశాడు. ఈసారి ఊపిరి వదిలి, కాలు అతని చేతిలో ఉంచింది.

రెండు మేకులు కొట్టి దింపాడు. మళ్ళీ రెండు. లాడం పడింది.

వలి లేచి దాని తొడ కీలు మీద బొటనవేలితో నొక్కాడు. చర్మం జలదరించింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

కృపాదానం విరిగిన పలకతోనే జట్కా కట్టి స్టేషన్‌కు తోలాడు. మాచర్ల రైలు అప్పుడే కదిలిపోయింది. టీ కొట్టు మైమూనాను అడిగాడు, కాలీడ్చుకుంటూ నడిచే దళారీ ఒకడు ఇటొచ్చాడా అని.

"దళారీ ఏందన్నా. లాడాలు కొట్టేవాడంట, మాచర్లలో. ఇక్కడే కూర్చుని టీ తాగి పోయాడు. నీ చుక్కని వెతుక్కుంటా ఎన్ని జట్కా స్టాండులు తిరిగాడో. ఇయ్యాల దొరికింది, చెప్పాల్సింది చెప్పేశానని ఎంత సంబరపడ్డాడో."

తను తోసిన సంగతి చెప్పాడేమోనని చూశాడు కృపాదానం. ఆ మాట ఆమె ఎత్తలేదు.

"నా గుర్రంతో ఆయనకేం పని మైమూనా?"

"లాడం కొడతంటే ఆయన మోకాలు చితగ్గొట్టింది అదేనంటగా అన్నా," అంది మైమూనా గ్లాసు కడుగుతూ, "తప్పు దానిది కాదని, కొన్నవాళ్ళకి చెప్పకపోతే కొట్టి చంపుతారేమోనని భయపడి వచ్చాడంట."