ఊరి వైపు మళ్లిన రోడ్డు

"ఆ రోడ్డు వేసింది నువ్వా?"

ఐమల్ అడిగిన తీరుకు, మోచేయి తాకించి పలకరిద్దామని చాచిన కొండల్ రావు చేయి మధ్యలోనే ఆగిపోయింది. అప్పటిదాకా మీరు మీరు అంటున్న మనిషి ఒక్కసారిగా నువ్వులోకి దిగాడు.

ఐర్లండ్‌లోని లెటర్‌కెన్నీలో బూస్టర్ డోసు వేసే హాలు బయట జనం సన్నటి వానలో ఎడం ఎడంగా నిలబడి ఉన్నారు. కరోనా మొదలయ్యాక అది రెండో డిసెంబరు. కొండల్ రావు పక్కన భార్య సత్యవాణి గొడుగు పట్టుకుని ఉంది. ఆమె నర్సు, తన డోసు ఎప్పుడో అయిపోయింది. ఊరికే తోడు వచ్చింది. వాళ్ల ముందున్న ఐమల్‌ది అఫ్గానిస్తాన్. బజారులో ఒక పిజ్జా దుకాణంలో వంట చేస్తాడు. ఇద్దరికీ ఉర్దూ రావడంతో మాట కలిసింది.

ఐమల్ తన ఊరి పేరు చెప్పగానే కొండల్ రావుకు సంతోషం పట్టలేదు. యుద్ధంలో కూలిపోయిన ఆ దేశాన్ని నిలబెట్టడానికి అన్ని దేశాలూ తలో పని పంచుకున్నప్పుడు, మన దేశం తరఫున అక్కడి ఎడారిలో రోడ్డు వేసిన ఇంజినీర్లలో తనూ ఒకడినన్నాడు. ఆ ఊరి ముందు నుంచి పోయే ముక్క అచ్చంగా తన చేతి పనేనన్నాడు.

"నేనే వేశాను" అన్నాడు ఇప్పుడు మళ్లీ, కొంచెం తగ్గి.

"అయితే విను. మొన్న ఆగస్టులో తాలిబన్లు ఆ రోడ్డు మీదే వచ్చారు. రోడ్డు లేనప్పుడు మా ఊరికి ఏ బండి రావాలన్నా ఇసుకలో దిగబడేది. దూరాన దుమ్ము లేస్తే చాలు, మగవాళ్లు కొండల్లోకి పోయేవాళ్లు. దాక్కోవడానికి టైం ఉండేది. నీ రోడ్డు మీద, మావాళ్లు గ్లాసులో చాయ్ తాగడం అయ్యేలోపు వచ్చేశారు. మా తమ్ముడు టీచరు. బడిలోంచి ఈడ్చుకుపోయారు. ఇంతవరకు జాడ లేదు."

అయ్యో అనే మాట కొండల్ రావు నోటిదాకా వచ్చింది. కానీ నీ రోడ్డు అని అతను అనడం ముల్లులా గుచ్చుకుంది. తుపాకులు పట్టుకొచ్చినవాళ్లను వదిలిపెట్టి, తారు పోసినవాణ్ని అంటావేమిటని అడిగాడు. ఆ రోడ్డు మీదే మీ ఆడవాళ్లు కాన్పులకు ఆసుపత్రికి పోలేదా అన్నాడు. దాని కోసం తన పక్కన పనిచేసినవాళ్లు బాంబు పేలి చచ్చిపోయారని, వాళ్లను సంచుల్లో మూటగట్టి ఇంటికి పంపించానని చెప్పాడు.

ఐమల్ మెత్తబడలేదు. ఒక దేశం బడి కట్టిందని, ఇంకొకటి కాలువ తవ్విందని, మీరొచ్చి రోడ్డు వేశారని, అందరూ రిబ్బన్ కత్తిరించి ఫొటోలు దిగి విమానం ఎక్కారని అన్నాడు. "అక్కడ బతకాల్సింది మేము. మీ ఏడుపు ఏమిటంటే, మేం థాంక్స్ చెప్పలేదని."

సత్యవాణి భర్త మోచేయి పట్టుకుంది. "ఊకో. తమ్ముడు పోయిన మనిషి. గాయనతోని కొట్లాటేంది?"

"నువ్వుండు వాణీ. తిన్నింటి వాసాలు లెక్కపెడుతుండు వీడు."

భాష రాకపోయినా వీడు అన్న విసురు ఐమల్‌కు అర్థమైంది. ఒక అడుగు ముందుకు వేశాడు. వరసలోవాళ్లు తిరిగి చూశారు. పసుపు జాకెట్ తొడుక్కున్న వాలంటీరు వచ్చి, అంతా గ్రాండేనా, అంటే బాగానే ఉందా అని అక్కడివాళ్ల తీరులో అడిగాడు. గ్రాండే అన్నారు ఇద్దరూ, ఒకరినొకరు చూసుకోకుండా. అతను వెళ్లగానే గొంతులు తగ్గాయి గాని విషం తగ్గలేదు.

కొండల్ రావు ఇక దాచుకోదలచుకోలేదు.

"అసలు నక్షా ప్రకారం ఆ రోడ్డు మీ ఊరికి రానే రాదు. కొండ అవతలి నుంచి పోవాలి. నేనే మళ్లించాను. ఎందుకో తెలుసా? మీ ఊరి ముసలాయన ఒకడు, ఎర్రటి ఎండలో రోజూ మా క్యాంపుకు నడిచి వచ్చేవాడు. చొక్కా ఒడిలో ఖర్బూజాలు మూటగట్టుకుని. నాకు ఆయన భాష రాదు, ఆయనకు నాది రాదు. మా దుబాసీ భయపడి పారిపోయాడు. ముసలాయన రోడ్డు గుర్తుకు మేం పాతిన మేకులు చూపించేవాడు, మీ ఊరు చూపించేవాడు. చివరికి ఒకరోజు తలపాగా తీసి నా కాళ్ల ముందు పెట్టి ఏడ్చాడు. మా దిక్కు కూడా పెద్దమనిషి తలపాగా కాళ్ల ముందు పెట్టాడంటే దాన్ని మించిన వేడుకోలు లేదు. భాష రాకపోతే మాత్రం అది అర్థం కాదా? పై ఆఫీసర్లతో పోట్లాడి, మాటలు పడి, రోడ్డు మీ ఊరికి తెచ్చాను."

ముందు వరస కదిలి ఖాళీ ఏర్పడింది. ఐమల్ కదల్లేదు. మెల్లగా మాస్కు కిందికి లాగాడు. గడ్డం సగం నెరిసి ఉంది.

"ఆయన మా నాన్న" అన్నాడు. ఆ గొంతులో ఇందాకటి కోపం లేదు.

కొండల్ రావు గెలిచినవాడిలా భార్య వైపు చూశాడు. ఇప్పుడైనా తెలిసిందా అన్నట్టు తల ఎగరేశాడు.

"నేనప్పుడు కరాచీలో కూలి పనిలో ఉన్నాను. తిరిగొచ్చాక ఆయనే చెప్పాడు" అన్నాడు ఐమల్. "ఆ మేకులు చూసి ఊరంతా కూర్చుని మాట్లాడుకుని, ఆయన్ను నీ దగ్గరికి పంపింది, తలపాగా కాళ్ల ముందు పెట్టయినా సరే, రోడ్డు మా ఊరి దిక్కు రానివ్వొద్దని బతిమాలమని."