పాలు పొంగించే మనిషి

సముద్రం ఊరిని మింగగా మిగిలిన ఆఖరి ఇంట్లో, ఎగిరొచ్చిన యంత్రం సామాన్లన్నీ చూసి కొత్త కాలనీకి చేర్చే కిరాయి చెప్పింది.

"గృహప్రవేశంలో పాలు పొంగేటప్పుడు పక్కన మనుషులు కావాలా అమ్మా? మనిషికి ఇంతని అదనం."

ఊరివాళ్లంతా ఎప్పుడో తలో దిక్కుకీ చెదిరిపోయారు. ఆ ఇంటి కొర్లమ్మ మంచమూ రోలూ వదులుకుని, వాటికి మిగిలిన కిరాయి డబ్బుతో ఒక మనిషిని అడిగింది.

"ఎవులైనా పర్లేదు బాబూ. మాలాగ మాటాడాల."

యంత్రం కాసేపు వెతికింది.

"దొరకలేదమ్మా. మీలా మాట్లాడే మనిషే కావాలని ఇంకో కాలనీలో ఒకాయన ఏడాదిగా అడుగుతున్నారు. మీరు వెళ్తే కిరాయి తగ్గిస్తాం."

"ఏడాదా? పాలు పొంగించకుండా ఎలాగున్నాడేటి?"

"పొయ్యి వెలిగించలేదమ్మా. బయటే తింటున్నారు."

కిరాయి ఊసెత్తకుండా కొర్లమ్మ పాలగిన్నె తోమడానికి కూర్చుంది.