దిష్టి కండ్ల మనిషి

ఇటు జరిగి కూర్చో తల్లీ. రాయచోటిలో రాజ్యలక్ష్మమ్మ ఒక మనిషిని తరిమిన సంగతి చెబుతాను.

సెల్‌ఫోన్లు కొత్తగా వచ్చిన రోజులు. ఆమె మొగుడు గంగాధరం శెట్టికి గుడ్డలంగడి ఉండేది. గాదెలాంటి మనిషి. ఇంటి నుంచి అంగడికి నడుస్తూ ప్రతి గడప ముందూ ఆగి పలకరించేవాడు.

"ఎంత కలుపుగోలు మనిషో!" అనేది ఊరు.

ఒకనాడు ఎవరో కూలి మనిషి అంగడికొచ్చి, చీరలు చూడకుండా శెట్టి కాళ్లు చూసింది.

"సావుకారీ, నువ్వు మాటల కోసం నిలబడ్తాండావా, పిక్కలు పట్టుకుంటే నిలబడ్తాండావా?"

శెట్టి నవ్వు ఆగిపోయింది.

పక్కనే ఉన్న రాజ్యలక్ష్మమ్మ గయ్యిమంది. "ఏమ్మే, పచ్చగా ఉండే మనిషిని చూస్తే ఓర్చలేవా?"

"అట్ల గాదమ్మా. డాక్టరుకు చూపియ్యి. ఒళ్లు తగ్గించుకోమను."

"ఆయనేం నీ ఇంటి కూడు తిని పెరగలేదులే. పో!"

ఆ సాయంత్రం ఉప్పూ మిరపకాయలూ దిగదుడిచి నిప్పుల్లో వేసింది. ఘాటే రాలేదు.

"చూస్తివా, ఎంత దిష్టో!"

ఆ కూలి మనిషి మళ్లీ వచ్చింది. ఈసారి రాజ్యలక్ష్మమ్మ చెంబుడు నీళ్లు మొహాన కొట్టింది.

ఆ మనిషి కొంగుతో తుడుచుకుంటూ, "కాలు నల్లబడకముందే పోండమ్మా" అని వెళ్లిపోయింది.

వానలు పడేసరికి శెట్టి బొటనవేలు నల్లబడింది. కడపకు తీసుకుపోయారు.

"ఒళ్లు పెరిగేకొద్దీ రక్తనాళాల లోపలి పొర దెబ్బతింటుందమ్మా" అన్నాడు డాక్టరు. "నున్నగా ఉండాల్సింది గరుకై, కొవ్వు పట్టేస్తుంది. కాలికి రక్తం చాలక, నడిస్తే పిక్క పట్టేస్తుంది. అప్పుడే రావాల్సింది. ఇప్పుడు మోకాలి పైదాకా తీసెయ్యాలి."

రాజ్యలక్ష్మమ్మ మొగుణ్ణి పట్టి కుదిపింది. "నొస్తాదని నాతో ఒక్కతూరి చెప్పకూడదా?"

"లావోడు నడవలేడని నవ్వుతారని... మాటలు పెట్టుకొని నిలబడ్తాంటి."

డాక్టరు మాట చెవికెక్కింది గానీ మనసుకెక్కలేదు. అంతా ఆ మనిషి శాపమే అనుకుంది. కాలు తీసేలోపు శాపం తిప్పించుకొని రావాలని బస్సెక్కి రాయచోటి వచ్చింది. వాళ్లనూ వీళ్లనూ అడిగి, చర్చి వీధిలో ఆమె గుడిసె పట్టుకుంది. గడపలోనే కాళ్ల మీద పడింది.

"నీ దిష్టి నువ్వే తీసుకో తల్లీ! ఆయన కాలు ఆయనకియ్యి!"

లోపల మంచం మీంచి ఒక గొంతు. "ఎవురు ప్రేమా?"

"మనోళ్లేలే" అంది ఆమె, రాజ్యలక్ష్మమ్మను లేపుతూ.

ఇంకొకరికి చెప్పేటప్పుడు ఈ ఒక్కటీ మరువకు తల్లీ: తలెత్తిన రాజ్యలక్ష్మమ్మకు ఆ మంచం మీద కనిపించింది, రెండు కాళ్లూ తొడల దాకా తీసేసిన ఒక భారీ మనిషి, ఆ ప్రేమమ్మ మొగుడు.