మొదటి బొమ్మ

తెరమీద గుండె ఎర్రబడుతోంది.

స్నేహలత కుర్చీ ముందుకు జరుపుకుంది. హసన్‌పర్తి దగ్గర ఒక కాలేజీలో ఆమె రీసెర్చ్ స్కాలర్. గుండెలో రక్తం ఎలా సుడులు తిరుగుతుందో కంప్యూటర్‌తో లెక్కకట్టడం ఆమె పని.

ఈసారి ప్రశ్న ఆసుపత్రి నుంచి వచ్చింది. ఈ రోగికి గుండె కవాటం మారిస్తే బతుకుతాడా?

స్కాన్ మీద పేరుండదు. నంబరే ఉంటుంది. అది పద్ధతి.

"ఇది గుండెనే కదా బిడ్డా?"

తలుపు దగ్గర ఒక పెద్దాయన. భుజం మీద తువ్వాల.

"అడ్మిషన్లు పక్క బిల్డింగ్ల, తాతా."

"తెల్సు. జర కూసుంట. మెట్లెక్కి వచ్చిన."

ఆమె వద్దనలేదు. ఆయన స్టూలు మీద కూర్చుని తెరవైపే చూశాడు.

"గా ఎర్రది ఏంది?"

"సుడి. కొత్త కవాటం పెట్టినా రక్తం ముందుకు పోతలేదు. అక్కడక్కడనే తిరుగుతాంది."

"నొప్పి లేస్తదా?"

"కంప్యూటర్ బొమ్మకు నొప్పేంది తాతా?"

ఆయన నవ్వాడు. "అడిగేటోనికి తెలివుండాలె."

తెరమీది సుడినే చూస్తూ, "అయితే ఆపరేషన్ చేసినా ఫాయిదా లేదంటవ్," అన్నాడు.

అది మొదటి బొమ్మ. గుండె బొమ్మను పెద్ద పెద్ద గడులుగా విడగొట్టి వేసిన ముతక లెక్క. సుడి ఎక్కడుందో కనిపెట్టి, అక్కడ గడులను చిన్నవి చేసుకుంటూ, లెక్కను సూక్ష్మం చేసుకుంటూ కంప్యూటర్ తనంతట తానే ముందుకు పోవాలి. దానికి తెల్లారుతుంది. అందాకా మొదటి బొమ్మను నమ్మొద్దని జూనియర్లకు ఆమే చెబుతుంది.

కానీ ఆయన ఆమె ముఖంలోకే చూస్తున్నాడు. అన్నీ తెలిసిన మనిషిలా కనిపించడంలో ఒక చిన్న సుఖం ఉంది.

"లేనట్టే," అంది. "చేసినా కొన్నాళ్లే."

ఆయన తల ఊపాడు. తువ్వాలతో మెడ తుడుచుకున్నాడు.

"మంచిది బిడ్డా. ఉన్నదున్నట్టు చెప్పినవ్. డాక్టర్లు గిట్ల చెప్పరు."

గోడ పట్టుకుని లేచాడు.

"ఏ ఊరు తాతా మీది?" అడిగింది, తెరమీంచి చూపు తిప్పకుండానే.

"రఘునాథపల్లి."

తెల్లారేసరికి లెక్క పూర్తయింది. గడులు సన్నబడినకొద్దీ ఆ పెద్ద సుడి చీలిపోయింది. చిన్న చిన్న సుడులై కరిగిపోయింది. కొత్త కవాటంలోంచి రక్తం సాఫీగా సాగుతోంది.

ఆ ప్రశ్న పంపిన డాక్టర్ కుమారస్వామికి ఆమె ఫోన్ చేసింది.

"ఆపరేషన్ చేయొచ్చు సార్. ఆయన బతుకుతడు."



"ఆయన నిన్న అడ్మిట్ కావాల్సి ఉండెనమ్మా. ఫోన్ చేసి ఆపరేషన్ వద్దన్నడు. ఎంత చెప్పినా వినలే. రాత్రి ఇంట్లనే ప్రాణం పోయింది."

"ఎందుకు వద్దన్నడు సార్?"

"స్కాన్ మీకు పంపినమని నేనే చెప్పిన. మీ కాలేజీకి వచ్చి, తన గుండెను తానే చూసుకున్నడట."